అరసున్నతో నేర్చుకున్న ఫ్రెంచ్

తొలేళ్ళ రోజు, అంటే మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగకి ముందు రోజు, పొద్దున్నే హైదరాబాద్ బండి దిగి ఇంటికెళ్ళేసరికి మా అత్త, పిన్నివాళ్ళు, పల్లె నుంచి వచ్చిన మామ్మ, అందరూ హాల్లో చాప మీద కూర్చుని పూలు కడుతున్నారు. చెప్పులు విప్పానో లేదో అత్త అడిగేసింది. "ఏటమ్మా, ఆ ఫ్రెంచి సదువు ఇంకా అవలేదేటి? అది సదివితే మనకేటొస్తాది?"

మూడేళ్ళుగా వింటున్న ప్రశ్నే ఇది. అత్తకి నా మీద ఉన్న ప్రేమ, నా ఉద్యోగం గురించి ఉన్న టెన్షన్, రెండూ అందులో ఉన్నాయని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ట్రాన్స్‌లేషన్ ఉద్యోగాలుంటాయి, టీచర్ ఉద్యోగాలుంటాయి, హైదరాబాద్ కంపెనీల్లో ఫ్రెంచ్ వచ్చినవాళ్ళని తీసుకుంటారు అని చెప్పి ఊరుకునేదాన్ని. అవన్నీ నిజాలే. కానీ నేను ఈ చదువుని ఇంతగా ఎందుకు పట్టుకున్నానో అందులో లేదు. ఈసారి పక్కింటి అమ్మాయి కూడా అక్కడే ఉంది, ఇంటర్ రెండో ఏడాది, "అక్కా, నేను కూడా డిగ్రీలో ఫ్రెంచ్ తీసుకోనా?" అని అడిగింది, వాళ్ళమ్మేమో నేనేం చెప్తానా అని చూస్తోంది. సగం అక్కడ చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఆ అమ్మాయి చదువుతుంది.

అత్తతో ముందు అన్నది ఇది. అత్తా, రేపు మనం చేస్తున్నది ఎవరి పండగ? పైడితల్లమ్మ అన్నగారు, విజయనగరం రాజు విజయరామరాజు ఏ యుద్ధంలో పోయారు? ఈ కథ అత్తకి నాకంటే బాగా తెలుసు. బొబ్బిలి కోట, కోటలో ఆడవాళ్ళు, తాండ్ర పాపారాయుడు రాత్రి డేరాలోకి చొరబడి రాజుని పొడవడం, ఆ కబురు విని అమ్మవారు పెద్దచెరువులో కలిసిపోవడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్తుంది. మరి బొబ్బిలి కోటని కొట్టిన ఫిరంగులెవరివి? పరాసులవి. పరాసులంటే ఫ్రెంచ్ వాళ్ళే, మన పాత తెలుగులో వాళ్ళని అలాగే పిలిచేవారు. 1757 జనవరి 24న బొబ్బిలి ముందు నిలబడ్డ సైన్యానికి నాయకుడు బుస్సీ. అంతకు నాలుగేళ్ళ ముందు, 1753లో, నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులని ఫ్రెంచ్ వాళ్ళకి రాసిచ్చాడు, వాటిలో చికాకోల్ సర్కారు ఒకటి. చికాకోల్ అంటే మన శ్రీకాకుళం, విజయనగరం కూడా అందులోదే. ఆ తర్వాత విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లీషు వాళ్ళతో కలవడం, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచ్ వాళ్ళు ఓడిపోవడం జరిగాయి. ఆ ఒక్క యుద్ధం అటు తిరిగి ఉంటే మనం ఈ రోజు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఏ భాష బోర్డులు చదివేవాళ్ళమో! యానాంలో 1954 దాకా వాళ్ళ పాలనే నడిచింది కదా.

"అయితే ఆ బుస్సీగాడి బాస సదువుతన్నావన్నమాట" అంది అత్త. అవును అత్తా, అన్నాను.

ఫస్ట్ ఇయర్‌లో ఆ బుస్సీ పూర్తి పేరు చూసి ఎంత ఆశ్చర్యపోయానో. షార్ల్ జోజెఫ్ పాతిస్యే ద బుస్సీ. పాతిస్యే అంటే ఫ్రెంచ్‌లో కేకులూ తీపి రొట్టెలూ చేసేవాడు. మనకి ఇంటిపేర్లు ఉన్నట్టే వాళ్ళకీ వృత్తుల నుంచి వచ్చిన ఇంటిపేర్లున్నాయి. చిన్నప్పటి నుంచి బుర్రకథల్లో రాక్షసుడిలా విన్న మనిషికి ఒక ఇంటిపేరు, ఆ ఇంటిపేరుకి ఒక అర్థం ఉండటం నాకు కొత్తగా అనిపించింది. బొబ్బిలిలో జరిగిన ఘోరం చిన్నదైపోదు దానివల్ల. కానీ కథకి అవతలి ఒడ్డున కూడా మనుషులున్నారని మొదటిసారి తెలిసింది. హైదరాబాద్ మెట్రోలో మూసారాంబాగ్ స్టేషన్ మీదుగా ఎన్నోసార్లు వెళ్ళాను, ఆ మూసారాం కూడా నిజాం దగ్గర పనిచేసిన ఒక ఫ్రెంచ్ సేనాని, పేరు రేమో. మొస్య రేమో మన నోళ్ళలో మూసారాం అయిపోయాడు. మొస్య అంటే గారు అన్నట్టు.

ఇక చదువు సంగతి. నేను పదో తరగతి దాకా గవర్నమెంట్ స్కూల్లో తెలుగు మీడియం. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. డిపో, గ్యారేజ్ రెండూ ఫ్రెంచ్ మాటలే అని మొదటి నెలలో తెలిసినప్పుడు నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, ఆయన అది ఇప్పటికీ తోటివాళ్ళకి చెప్తూ ఉంటారు. యూనివర్సిటీలో మొదట్లో ఫ్రెంచ్‌ని ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు. ఇంగ్లీషే తడబడుతూ చదివే నాకు అది రెండు గోడలు దాటడంలా ఉండేది. క్లాసులో మిగతావాళ్ళు టకటకా నోట్స్ రాసుకుంటుంటే నాకు ఏడుపొచ్చేది. మొదటి సెమిస్టర్ మార్కులు చూసి చదువు మానేసి ఇంటికొచ్చేద్దామనుకున్నాను, నిజంగా.

అప్పుడు నన్ను నిలబెట్టింది అరసున్న.

ఫ్రెంచ్‌లో ముక్కుతో పలికే అచ్చులున్నాయి. వేఁ అంటే ద్రాక్షసారా, వాఁ అంటే గాలి, వోఁ అంటే వాళ్ళు వెళ్తారు. మూడింట్లోనూ చివర న్ పలకకూడదు, అచ్చుని ముక్కులోంచి వదలాలి అంతే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే నాకు ఏదీ గుర్తుండేది కాదు. ఒకరోజు లైబ్రరీలో కూర్చుని, తాతగారి పాత పుస్తకాల్లో వాఁడు, కలఁడు అని సగం సున్న పెట్టి ఉండేది కదా, అది గుర్తొచ్చి నోట్‌బుక్‌లో బోఁజూర్, ఫ్రాఁస్, పేఁ అని రాసుకున్నాను. పేఁ అంటే రొట్టె. మన పూర్వీకులు ముక్కుతో పలికిన ఆ సున్నని మనం పలకడం మానేశాం, రాయడమూ మానేశాం, ఎందుకూ పనికిరాదని పుస్తకాల్లోంచి తీసేశాం. అది నాకు పారిస్ మాటలు పలకడం నేర్పింది. మేడమ్ నా నోట్‌బుక్ చూసి, ఇది ఏ గుర్తు అని అడిగి, చెప్పాక బోర్డు మీద ఒకసారి రాయమన్నారు. రాశాను. ఆ రోజు తర్వాత మానేయాలన్న ఆలోచన రాలేదు.

తర్వాత సంధులు. తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు సంధులు బట్టీ పట్టిస్తుంటే ఇవన్నీ దేనికి అని అందరం విసుక్కునేవాళ్ళం. ఫ్రెంచ్‌లో ల, ఒమ్ కలిస్తే లొమ్ అవుతుంది, ఆ మనిషి అని అర్థం. మొదటి మాట చివరి అచ్చు పోయి రెండోది వచ్చి చేరింది, వాడు ఎక్కడ అనేది వాడెక్కడ అయినట్టే. ఇంగ్లీషు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి అదొక కొత్త రూలు, నాకేమో ఇంట్లో మనిషి కనిపించినట్టయింది. అంతకంటే వింతైనది ఇంకొకటుంది. ఇల్ ఆ అంటే అతనికి ఉంది. ప్రశ్న వేయాలంటే మాటలు తిరగేయాలి, ఆ ఇల్ అనాలి. కానీ రెండు అచ్చులు పక్కపక్కన పడితే నోరు తిరగదు కాబట్టి మధ్యలో ఒక త్ వచ్చి కూర్చుంటుంది, ఆ-త్-ఇల్, అంటే ఆతిల్. ఆ త్‌కి అర్థం ఏమీ లేదు, కేవలం పలకడానికి సాయం. అది చూడగానే నా నోట్లోంచి గట్టిగా వచ్చేసింది, టుగాగమం అని! కర్మధారయంలో ఉత్తుకి, అంటే మాట చివరి ఉకారానికి, అచ్చు పరమైతే టుగాగమం వస్తుంది, అంటే మధ్యలో ఒక ట్ వచ్చి చేరుతుంది, నిలువు అద్దం కలిస్తే నిలువుటద్దం, చిగురు ఆకు కలిస్తే చిగురుటాకు. మిత్రుడిలా వచ్చి పక్కన చేరితే ఆగమం, శత్రువులా తోసేసి కూర్చుంటే ఆదేశం అని మాస్టారు చెప్పేవారు. ఆయన చెప్పిన ఆ మిత్రుడే ఫ్రెంచ్‌లో కూడా వచ్చి నిలబడ్డాడు. మాటల చివర పలకకుండా దాక్కుని, అచ్చు ఎదురైతే బయటికొచ్చే హల్లులు కూడా ఉన్నాయి ఫ్రెంచ్‌లో. బహువచనాల ముందు పెట్టే లె విడిగా ఉంటే లె, కానీ పిల్లలు అనే మాట ముందు లెజాఁఫాఁ అవుతుంది, దాక్కున్న హల్లు జ్ అయి వినబడుతుంది. వచ్చె, వచ్చెను, వచ్చెనతడు, మన ద్రుతం, అంటే ఆ చివరి నకారం, కూడా ఇలాగే వస్తూ పోతూ ఉంటుంది కదా.

నువ్వు, మీరు తేడా గురించి చెప్పనక్కర్లేదు. త్యూ అంటే నువ్వు, వూ అంటే మీరు. ఇంగ్లీషుకి అలవాటు పడ్డవాళ్ళు దాన్ని ఆలోచించి వాడాలి, మనకి అది ఒంట్లోనే ఉంటుంది. ఒక మనిషిని ఏకవచనంలో పిలవడం అనే దానికి వాళ్ళకి ప్రత్యేకంగా ఒక క్రియే ఉంది, త్యుత్వాయే. కాకపోతే అక్కడ పిల్లలు అమ్మానాన్నల్నీ తాతామామ్మల్నీ కూడా త్యూ అనే అంటారు, షాపులో ముక్కూమొహం తెలియనివాళ్ళని మాత్రం వూ అనే పిలవాలి, పైగా లోపలికి వెళ్ళగానే బోఁజూర్ అనకపోతే మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్క.

కష్టమైనవీ ఉన్నాయి, దాచను. త్యూ లోని అచ్చు మనకి లేదు, నాలుక ఈ అనాలి, పెదవులు ఊ అనాలి, నాకు నోట్లోకి రావడానికి ఆరు నెలలు పట్టింది. తొంభై ఏడు అనాలంటే నాలుగు ఇరవైలు, పది, ఏడు అనాలి. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో తొంభైకి నొనాఁత్ అని వేరే మాటే ఉంది, నాకది ఎంతో నచ్చింది కానీ పరీక్షలో ఫ్రాన్స్ పద్ధతే రాశాను. ఇక లింగం. సూర్యుడు మగ, చంద్రుడు ఆడ, కుర్చీ ఆడ, పుస్తకం మగ. ప్రతి మాటనీ దాని ముందున్న ల (మగ), లా (ఆడ) తో కలిపి నేర్చుకోవడం తప్ప దారి లేదు. అది చదువుతున్నప్పుడే మన తెలుగు వైపు చూశాను. నాన్న వచ్చాడు అంటాం. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, మూడింటికీ ఒకే క్రియ. ఎక్కువమంది అయితే మాత్రం అమ్మలు వచ్చారు అని ఆడవాళ్ళు మనుషుల్లోకి చేరతారు, ఆవులు వచ్చాయి అని మిగిలిపోతాయి. ఇరవై ఏళ్ళు మాట్లాడిన భాషలో ఇది నేను గమనించనే లేదు. ఫ్రెంచ్‌లో వంద మంది ఆడవాళ్ళలో ఒక్క మగవాడున్నా ఆ గుంపు మొత్తానికి పుంలింగమే వాడాలి, దీన్ని మార్చాలని అక్కడ చాలామంది ఇప్పుడు గట్టిగా వాదిస్తున్నారు. నేను వాళ్ళ వైపే.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమైనది రాస్తాను.

హాస్టల్లో మొదటి వారం. ఫోన్లో అమ్మతో మాట్లాడుతున్నాను. "ఏటమ్మా, అన్నం తినీసినావా?" "తినీసినాను." పక్కన ఉన్న అమ్మాయిలు ఏటి, తినీసినాను అని వెక్కిరిస్తూ నవ్వారు. తెలుగువాళ్ళే. తర్వాత నేను అమ్మకి ఫోన్ చేయాలంటే మెట్ల మీదకి వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకి మాట మార్చేశాను కూడా, ఏంటి, తిన్నాను అనడం మొదలుపెట్టాను. అమ్మ ఒకసారి "ఏటే, కొత్తగా మాటాడతన్నావు" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సెకండ్ ఇయర్‌లో ఫ్రెంచ్ సంస్కృతి, చరిత్ర పేపర్ ఉంది. అందులో విప్లవం గురించి చదువుతూ ఒక విషయం దగ్గర ఆగిపోయాను. 1794లో గ్రెగ్వార్ అనే మతగురువు విప్లవ ప్రభుత్వపు సభ ముందు ఒక నివేదిక చదివాడు. దేశంలో కనీసం 60 లక్షల మందికి ఫ్రెంచ్ అసలు రాదు, శుద్ధంగా మాట్లాడేవాళ్ళు 30 లక్షలకి మించరు, కాబట్టి పల్లె యాసల్ని, ప్రాంతాల భాషల్ని నిర్మూలించాలి అన్నాడు. నిర్మూలించాలన్న మాట ఆ నివేదిక పేరులోనే ఉంది. స్వేచ్ఛ, సమానత్వం అన్న విప్లవమే ఈ మాట కూడా అంది. తర్వాత 19వ శతాబ్దం చివరికి చదువు అందరికీ తప్పనిసరి, ఉచితం అయ్యాక ఫ్రాన్స్ పడమటి వైపు బ్రెతోన్ భాష మాట్లాడే పల్లెల బళ్ళలో పిల్లల నోట్లోంచి సొంత భాష వస్తే మెడలో ఒక గుర్తు వేలాడదీసేవారు, కొన్నిచోట్ల అది చెక్క చెప్పు. ఇంకో పిల్లాడు దొరికిపోయేదాకా అది వాడి మెడలోనే ఉండాలి. ఆ పేజీ చదువుతుంటే నాకు హాస్టల్ మెట్లు గుర్తొచ్చాయి. నా మెడలో ఎవరూ ఏమీ కట్టలేదు, అయినా నేనే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లో, ఇక్కడ, మన వైపు ఏం జరిగిందో తెలుసా? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పే బళ్ళు పెట్టారు. ఆయనా గురజాడా ఇదే విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్ళు. జనం మాట్లాడే భాషలోనే రాయాలి అని పోరాడింది వాళ్ళే. అక్కడ ఒక దేశం పిల్లల నోట్లోంచి మాటని లాగేస్తుంటే ఇక్కడ ఒక బడిపంతులు కొండ మీద పిల్లల మాటని పుస్తకంలోకి ఎక్కించాడు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని స్కూల్లో వ్యాసాలు రాసి ప్రైజులు తెచ్చుకున్నాను నేను, అయినా ఆయన చేసిన పని ఎంతటిదో ఫ్రాన్స్ చరిత్ర చదివితే గానీ అర్థం కాలేదు.

ఫ్రాన్స్‌లో కూడా యాస బాధ ఇంకా తీరలేదు. దక్షిణం వాళ్ళ యాసని ఇప్పటికీ వెక్కిరిస్తారట. 2020 నవంబరులో అక్కడి దిగువ సభ, యాసని బట్టి మనిషిని తక్కువ చేయడం నేరం అని చెప్పే బిల్లుని ఆమోదించింది. దాన్ని గురించి నేను సెమినార్ పేపర్ రాశాను. చివర్లో మన ఉత్తరాంధ్ర మాట గురించి ఒక పేజీ పెట్టాను. తిన్నాను అంటే తిన్నాను అంతే, తినీసినాను అంటే ఆ పని పూర్తిగా అయిపోయింది అని. వచ్చీసినాను, చేసీసినాను, ఎల్లిపోనాను, ఇవి తప్పులు కావు, పని ముగిసిందని చెప్పే రూపాలు. ఆ పేజీ చదివేటప్పుడు నా గొంతు వణికింది, కానీ ఏటి అన్న చోట ఏటి అనే చదివాను. మెట్ల మీదకి వెళ్ళడం ఆ వారంతో ఆగిపోయింది.

పక్కింటి అమ్మాయికి పనికొచ్చే రెండు ముక్కలు. చదవాలనుకుంటే ఇంటర్‌లో ఫ్రెంచ్ లేకపోయినా ఫర్వాలేదు, సున్నా నుంచి నేర్పే బీఏ కోర్సులున్నాయి. డెల్ఫ్ అని ఫ్రెంచ్ ఎంత వచ్చో తేల్చే పరీక్షలుంటాయి, ఎ1 నుంచి బి2 దాకా, ఆ పైన డాల్ఫ్. ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్‌లోనే డిగ్రీ చదవాలంటే మామూలుగా బి2 అడుగుతారు. మార్కులు సులువుగా వస్తాయని మాత్రం తీసుకోవద్దు, రావు. ఇంగ్లీషు సరిగ్గా రాదని భయపడి మానేయొద్దు. తెలుగు వ్యాకరణం పుస్తకం అటక మీదుంటే దింపి పెట్టుకో.

సిరిమాను రోజు మధ్యాహ్నం మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం ఇసుక వేస్తే రాలనట్టున్నారు. మేము తెలిసినవాళ్ళ మేడ మీద నిలబడ్డాం. ఊరేగింపులో పాలధార వెళ్ళింది, తెల్ల ఏనుగు వెళ్ళింది, బెస్తవారి వల వెళ్ళింది, ఆ వెనకే సిరిమాను, అంటే ఆ పొడవాటి చెట్టు మాను, కోట వైపు కదిలింది, చివర పూజారి గాల్లో ఊగుతూ వస్తుంటే అరటిపళ్ళు విసురుతున్నారు. అప్పుడు నాకు వీడియో కాల్ వచ్చింది. మారిషస్ అమ్మాయి, ఫ్రెంచ్ మాట్లాడటానికి ఆన్‌లైన్‌లో కుదిరిన స్నేహం, ఏడాదిగా వారం వారం మాట్లాడుకుంటాం. 19వ శతాబ్దంలో కోరంగి, విశాఖ రేవుల నుంచి చెరుకు తోటల కూలికి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళ మునిమనవరాలు. తనకి తెలుగు కొద్దిగానే వచ్చు, ఇంట్లో క్రియోల్, చదువు ఫ్రెంచ్, ఇంగ్లీషు. క్రియోల్ అంటే ఫ్రెంచ్ నుంచి పుట్టిన వాళ్ళ భాష. దాన్ని కూడా విరిగిపోయిన ఫ్రెంచ్ అని చాలాకాలం చులకన చేశారు.

ఫోన్ తిప్పి సిరిమాను చూపించాను. తను అటు నుంచి గట్టిగా "షే నూ ఓసి, ఇల్ యా అమ్మోరు పండుగ!" అంది. మా ఇంట్లో కూడా ఉంది అని. సింహాద్రి అప్పన్న పూజ కూడా చేస్తామంది.

వెనక నుంచి అత్త నా భుజం పట్టుకుంది. "ఏటన్నాది? అమ్మోరన్నాదేటి? అప్పన్న పేరెత్తినాది కదా?"

చెప్పాను. అత్త ఫోన్ లాక్కుని మొహానికి దగ్గరగా పెట్టుకుని "ఏ ఊరోళ్ళమ్మా మీ పెద్దోళ్ళు?" అని అడిగింది. నేను ఫ్రెంచ్‌లో చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, ముత్తాత కాగితంలో వైజాగపటాం అని మాత్రమే ఉంది, పల్లె పేరు ఎవరికీ తెలియదు అంది. అది తెలుగులో చెప్పాక అత్త కళ్ళు తుడుచుకుంది. డప్పుల మోతలో గట్టిగా అరిచి, "సర్లే, మనోళ్ళే. అన్నం తినీసినాదేమో అడుగు" అంది.

"త్యూ ఆ మాఁజే?" అని అడిగాను.

ఆ అమ్మాయి నవ్వి ఈసారి క్రియోల్‌లో చెప్పింది. "మో ఫిన్ మాన్జే." ఫిన్ అంటే ముగించడం, వాళ్ళు దాన్ని క్రియ ముందు పెడతారు, పని పూర్తయిపోయిందని చెప్పడానికి.

"తినీసినాదట అత్తా" అన్నాను.